రెండు బాసల సైనికులు



ఆహ్వాన పత్రిక మీద, నా వెనక కట్టిన గుడ్డ మీద మాస్టారి పేరు ఉంది. నా నోటితో మాత్రం ఆ పేరు పలకలేను. ఆయన బతికున్నన్నాళ్లూ శిష్యులమైన మాలో ఎవరమూ ఆయన్ని పేరు పెట్టి అనలేదు. ఊళ్లో రిక్షా ఎక్కి ‘హిస్టరీ మాస్టారిల్లు’ అంటే చాలు, తీసుకెళ్లి దింపేవాళ్లు. ఈ గంటసేపూ నేనూ మాస్టారు అనే అంటాను.

1958 జూలైలో మాస్టారు కాలేజీ హాస్టల్లో ఉన్నారు. బాగ్దాద్‌లో సైన్యం తిరగబడిందని, ఇరవై మూడేళ్ల రాజు రెండో ఫైసల్‌ను చంపేశారని, ప్రధాని నూరీ అల్-సయీద్ కోసం వెతుకుతున్నారని రేడియో చెప్పింది. మర్నాడు నూరీ కూడా చచ్చిపోయాడు. సామ్రాజ్యవాదుల మనిషి పోయాడని హాస్టలు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టారూ కొట్టారు. తర్వాత గ్రంథాలయంలో కూర్చుని ఈ నూరీ ఎవరా అని చదివితే, పాతికేళ్లు నిండీ నిండని వయసులో ఆయన కూడా ఒక రహస్య సంఘంలో ప్రమాణం చేసిన కుర్ర అధికారేనని తెలిసింది. ‘ఆ చప్పట్లకు ఇంకా లెక్క తేల్చుకుంటూనే ఉన్నానయ్యా’ అని మాస్టారు మాతో చాలాసార్లు అన్నారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు మొదట తట్టింది ఆ మాటే. ఆ రహస్య సంఘమే ఇవాళ్టి నా విషయం.

దాని పేరు అల్-అహ్ద్. తెలంగాణ పెద్దలకు ఈ మాట కొత్త కాదు. ఉర్దూలో అహద్ అన్నా, అహద్‌నామా అన్నా ఇదే మూలం. ఒడంబడిక, ప్రతిజ్ఞ అని అర్థం. పాత తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: బాస. మన పల్లెల్లో భాషనూ బాస అనే అంటారు కదా. ఈ రెండర్థాలూ ఈ కథలో కలిసే నడుస్తాయి, కాస్త గుర్తుపెట్టుకోండి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒట్టోమన్ సైన్యంలోని ఈ అరబ్ అధికారులు తమ సుల్తానుకు చేసిన మొదటి ప్రమాణాన్ని తెంచుకోవాలని రెండో ప్రమాణం చేయలేదు. బయట మాట్లాడే తలుపులన్నీ మూసుకుపోతే చీకటి గదిలోకి వెళ్లారు. ఆ తలుపులు మూసినవాళ్లది పెద్ద తప్పు. కానీ చీకటి గదిలో నేర్చుకున్న పద్ధతి, వెలుగులోకి వచ్చి రాజ్యం చేతికందాక కూడా వాళ్లను వదల్లేదు. దీన్ని మెట్టు మెట్టుగా చెబుతాను.

1

ముందు ఈ అధికారులు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి.

1869 నుంచి 1872 దాకా మిధత్ పాషా బాగ్దాద్‌కు గవర్నరుగా ఉన్నాడు. ఆయన కాలంలో అక్కడ సైనిక పాఠశాల మొదలైంది. తర్వాత అబ్దుల్ హమీద్ సుల్తాను ఏలుబడిలో ఇలాంటి బడులు పెరిగాయి. వాటి ఆకర్షణ ఏమిటో మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. చదువు ఉచితం, తిండి ఉచితం, బట్టలు ఉచితం. బాగా చదివితే ఇస్తాంబుల్‌లోని హర్బియే సైనిక కళాశాలకు పంపుతారు. డమాస్కస్, బేరూత్‌లలోని కలిగిన ఇళ్ల పిల్లలకు పారిస్ ఉంది, సివిలు కొలువులున్నాయి. బాగ్దాద్, మోసుల్‌లలో చిన్న గుమాస్తా కొడుక్కి, చిల్లర ఉద్యోగి కొడుక్కి ఉన్న ఒకే నిచ్చెన సైన్యం.

1884లో పుట్టిన యాసీన్ అల్-హాషిమీ, 1885లో పుట్టిన జాఫర్ అల్-అస్కరీ, 1888లో పుట్టిన నూరీ అల్-సయీద్ ఈ నిచ్చెన ఎక్కినవాళ్లే. ఒకే ఊరివాళ్లు, ఒకే చదువు. జాఫర్ చెల్లెల్ని నూరీ, నూరీ చెల్లెల్ని జాఫర్ పెళ్లి చేసుకున్నారు. మన పల్లెల్లో కుండమార్పు పెళ్లి అంటామే, అదే. తర్వాత వీళ్ల సంఘం ఎంత దగ్గరి అల్లికో అర్థం కావడానికి ఈ సంగతి చెప్పాను.

బాగ్దాద్ నుంచి ఇస్తాంబుల్ చేరాలంటే రైలు లేదు. బిడారులతో కలిసి వారాల తరబడి అలెప్పో వైపు ప్రయాణం చేసి, అక్కణ్నుంచి తీరానికి, తీరం నుంచి ఓడలో. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలు. చేరాక చదువంతా తుర్కీలో. మరీ కడుపు మండే విషయం ఏమిటంటే, అరబ్బు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో అరబ్బీ వ్యాకరణాన్ని కూడా తుర్కీలోనే చెప్పేవారు. అమ్మ నేర్పిన మాటను పరాయి మాటలో నేర్చుకోవడం అంటే ఏమిటో, మద్రాసు రాజధానిలోనూ నిజాం రాజ్యంలోనూ చదువుకున్న మన తాతల్ని అడిగితే చెప్పేవాళ్లు. ఇక్కడే మొదటి బాస దగ్గర నొప్పి మొదలైంది.

అయినా ఆ పిల్లలు సామ్రాజ్యాన్ని ద్వేషించలేదు. వాళ్లకు బతుకిచ్చింది అదే, యూనిఫారం ఇచ్చింది అదే. ఈ మాట దాటేసి ముందుకెళితే తర్వాతి కథ మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

2

1908లో యువ తుర్కులనే సంస్కరణవాదులు సుల్తాను మెడలు వంచి రాజ్యాంగాన్ని తిరిగి తెచ్చారు. ఇస్తాంబుల్ వీధుల్లో తుర్కులు, అరబ్బులు, అర్మేనియన్లు, గ్రీకులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. అరబ్ అధికారులు కూడా ఆ విప్లవంలో ఉన్నారు. వాళ్లలో ముందు వరసలో నిలిచినవాడు అజీజ్ అలీ అల్-మిస్రీ.

ఈయన దగ్గర కాసేపు ఆగుదాం. 1879లో కైరోలో పుట్టాడు. చెర్కెస్ మూలాలున్న కుటుంబం. చదువుకోసం ఇస్తాంబుల్ వెళ్లి హర్బియేలోనూ, తర్వాత స్టాఫ్ కాలేజీలోనూ చదివాడు. మాసిడోనియా కొండల్లో తిరుగుబాటు ముఠాలతో పోరాడాడు. యువ తుర్కుల ఐక్యతా ప్రగతి సంఘంలో చేరాడు. 1909లో రాజ్యాంగానికి వ్యతిరేకంగా రాజధానిలో తిరుగుబాటు లేస్తే, దాన్ని అణచడానికి కదిలిన సేనలో ఆయనా ఉన్నాడు. 1911లో యెమెన్‌లో ఇమామ్ యాహ్యాకూ ఒట్టోమన్ ప్రభుత్వానికీ మధ్య సంధి కుదిర్చే పనిలో పాలుపంచుకున్నాడు. అదే ఏడాది ఇటలీ లిబియా మీద పడితే అక్కడికి వెళ్లాడు. రాజ్యం వైపు నిలబడి ప్రాణం పణంగా పెట్టిన మనిషి. ఇలాంటివాణ్ని వేర్పాటువాది అనగలమా?

ఆయన యెమెన్, లిబియా వెళ్లకముందే రాజధానిలో గాలి మారింది. కొత్త పాలకులు అధికారాన్నంతా కేంద్రంలో కుప్ప పోశారు. తుర్కీ వాడకాన్ని కోర్టుల్లో, కచేరీల్లో మరింత బిగించారు. అరబ్ సంఘాలను మూసేశారు. అప్పుడు, 1909 చివర్లో, మొదటి రహస్య సంఘం పుట్టింది. అరబ్బుల మూలపురుషుడని చెప్పుకునే కహ్తాన్ పేరిట దానికి కహ్తానియ్యా అని పేరు పెట్టారు. అజీజ్ అలీతో పాటు సలీమ్ అల్-జజాయిరీ అనే డమాస్కస్ అధికారి అందులో ముఖ్యుడు.

వాళ్ల ఊహ చాలా ఆసక్తికరమైనది. 1867లో ఆస్ట్రియా, హంగరీలు ఒకే చక్రవర్తి కింద రెండు రాజ్యాలుగా కుదురుకున్నాయి. వియన్నాలో చక్రవర్తి, బుడాపెస్ట్‌కు వచ్చేసరికి హంగరీ రాజు. అలాగే ఒట్టోమన్ సుల్తాను తుర్కుల కిరీటంతో పాటు అరబ్బుల కిరీటమూ పెట్టుకోవాలి. అరబ్బు రాష్ట్రాలకు సొంత శాసనసభ, సొంత భాష, సొంత ఏలుబడి ఉండాలి. పైన సుల్తాను ఒక్కడే. గమనించండి, ఇది ఇల్లు కూల్చే ఆలోచన కాదు, ఇంటికి రెండో గుమ్మం పెట్టించమనే కోరిక.

లోపలి మనిషి ఎవరో గుట్టు విప్పుతున్నాడన్న అనుమానంతో కహ్తానియ్యాను వాళ్లే వదిలేశారు. 1913 జనవరి 23న యువ తుర్కుల నాయకుల్లో ఒకడైన ఎన్వర్ అనే సైనికాధికారి, అతని అనుచరులు తుపాకులతో ప్రభుత్వ భవనంలోకి చొరబడి మంత్రివర్గాన్ని దింపేశారు. ఆ జూన్‌లో అరబ్ పెద్దలు పారిస్‌లో సభ పెట్టి బహిరంగంగా కోరికలు చెప్పారు. ప్రభుత్వం మాటిచ్చింది. ఆగస్టులో వచ్చిన ఫర్మానాలో ఆ మాటలు నీళ్లు పోసిన మజ్జిగలా పలచబడిపోయాయి.

1913 అక్టోబరు 28న ఇస్తాంబుల్‌లో అజీజ్ అలీ అల్-అహ్ద్‌ను స్థాపించాడు.

3

అల్-అహ్ద్ సైనికాధికారుల సంఘం. బయటివాళ్లకు దాదాపు చోటు లేదు. సభ్యుల్లో ఎక్కువమంది ఇరాక్ వాళ్లు. ఎందుకో ఇందాక చెప్పిన బడుల కథలోనే ఉంది. యాసీన్, ఆయన తమ్ముడు తాహా అల్-హాషిమీ, జాఫర్, నూరీ, జమీల్ అల్-మిద్ఫయీ, మౌలూద్ ముఖ్లిస్, అలీ జౌదత్, సలీమ్ అల్-జజాయిరీ మొదలైనవాళ్లు. బాగ్దాద్, మోసుల్‌లలో శాఖలు పెట్టారు. ఇంకోవైపు పారిస్‌లో 1911లోనే అల్-ఫతాత్ అనే రహస్య సంఘాన్ని చదువుకున్న సివిలు యువకులు పెట్టుకున్నారు. ఆ రెండూ ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా చాలాకాలం నడిచాయి. 1938లో ‘అరబ్ అవేకనింగ్’ రాసిన జార్జ్ ఆంటోనియస్ ఈ సంగతి చెప్పాడు.

అల్-అహ్ద్ కార్యక్రమంలో ఏముంది? అరబ్బు రాష్ట్రాలకు స్వపరిపాలన. ఇస్తాంబుల్‌తో ఐక్యత. ఖలీఫా పదవి ఒట్టోమన్ వంశంలోనే ఉండే పవిత్రమైన న్యాసం. పశ్చిమం నుంచి వచ్చే దాడుల నుంచి తూర్పును కాపాడే ముఖద్వారం ఇస్తాంబులని, దాని రక్షణకు అరబ్బులు సిద్ధపడాలని కూడా రాసుకున్నారు. నీతిగా నడవాలన్నది మరో నియమం.

విద్యార్థి మిత్రులు ఇక్కడ నన్నొక ప్రశ్న అడగాలి. ఇందులో దాచుకోవలసింది ఏముంది, దీనికి రహస్య ప్రమాణం ఎందుకు? ఈ కోరికల్లో చాలామటుకు ఆ జూన్‌లోనే పారిస్ సభ బాహాటంగా అడిగింది. అడిగితే ఏం జరిగిందో చూశారు. పైగా వీళ్లు సైనికులు. సైనికుడు నోరు తెరిచి రాజకీయం మాట్లాడితే అది శిక్షార్హం. అదే సైన్యంలో పాలకపక్షపు అధికారులు మాత్రం తుపాకులు పట్టుకుని మంత్రుల గదుల్లోకి వెళ్లవచ్చు. రాజకీయం బారకాసుల్లో నడవాలని అరబ్ అధికారులకు నేర్పింది ఎన్వరే. గురువు ఎదుట కూర్చుని పాఠం నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. ఈ మాట నేను ఎవరినో వెనకేసుకురావడానికి అనడం లేదు. విత్తనం ఎవరు వేశారో తెలియకుండా పంట గురించి మాట్లాడలేం.

ఇంకో సంగతి. ఈ సంఘాల బలాన్ని తర్వాతి కాలం బాగా పెంచి చెప్పింది. యుద్ధానికి ముందు అరబ్ జాతీయవాదులని ఆధారాలతో చెప్పగలిగినవాళ్లు అన్ని సంఘాలూ కలిపి 126 మందికి మించరని ఎర్నెస్ట్ డాన్ అనే చరిత్రకారుడు లెక్క కట్టాడు. అరబ్ ప్రజల్లో, అరబ్ అధికారుల్లో కూడా, పెద్ద సంఖ్య సుల్తాను పక్షానే ఉంది.

4

1914 జనవరిలో ఎన్వర్ యుద్ధమంత్రి అయ్యాడు. ఫిబ్రవరిలో అజీజ్ అలీని అరెస్టు చేశారు. రహస్య సంఘం పెట్టాడన్న నేరం మోపలేదు. లిబియాలో సైన్యం సొమ్ము తిన్నాడని, ఇటలీకి లొంగిపోయాడని అన్నారు. ఎన్వర్ కూడా లిబియాలోనే పోరాడాడు. అక్కడి నుంచీ వాళ్లిద్దరికీ పడేది కాదు. ఏప్రిల్లో సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. కైరోలో జనం భగ్గుమన్నారు. లండన్ ‘టైమ్స్’ పత్రిక రాసింది. బ్రిటిష్ రాయబారి కల్పించుకున్నాడు. శిక్షను పదిహేనేళ్ల కఠినశిక్షగా తగ్గించి, కొద్ది రోజుల్లోనే క్షమించి వదిలేశారు. ఆయన ఓడెక్కి ఈజిప్టుకు వెళ్లిపోయాడు.

సంఘం మిగిలింది, స్థాపకుడు పోయాడు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. రాజ్యం కోసం మాసిడోనియాలో, యెమెన్‌లో, లిబియాలో పోరాడినవాడికే ఇలా జరిగితే మన గతేమిటన్న ప్రశ్న ప్రతి అరబ్ అధికారి గుండెలోనూ నాటుకుంది.

5

నవంబరులో ఒట్టోమన్ రాజ్యం యుద్ధంలో దిగింది. ఇక్కడి నుంచి కథ డమాస్కస్‌కు మారుతుంది. మోసుల్ నుంచి వచ్చిన 12వ కోర్‌కు యాసీన్ అల్-హాషిమీ స్టాఫ్ ప్రధానాధికారి. సిరియాలో అప్పుడు అరబ్ పటాలాలు దండిగా ఉన్నాయి. 1915 తొలి నెలల్లోనే అల్-అహ్ద్, అల్-ఫతాత్ ఒకదాన్నొకటి కనుక్కున్నాయి.

మార్చిలో మక్కా షరీఫ్ హుస్సేన్ కొడుకు ఫైసల్ ఇస్తాంబుల్ వెళుతూ డమాస్కస్‌లో దిగాడు. తిరుగుబాటుకు ఏం కావాలని ఆయన యాసీన్‌ను అడిగాడు. మాకేమీ అక్కర్లేదు, మీరు ముందు నడవండి చాలు అన్నట్టుగా యాసీన్ జవాబిచ్చాడు. మేలో ఫైసల్ తిరిగొచ్చేసరికి షరతుల పత్రం సిద్ధంగా ఉంది. మెర్సిన్, అదానాల నుంచి పర్షియా సరిహద్దు దాకా, అక్కణ్నుంచి హిందూ మహాసముద్రం దాకా, ఏడెన్ మినహా, అరబ్ దేశాల స్వాతంత్ర్యం. విదేశీయుల ప్రత్యేక హక్కుల రద్దు. బ్రిటన్‌తో రక్షణ ఒప్పందం. బ్రిటన్ దీనికి ఒప్పుకుంటే హుస్సేన్‌ను అరబ్బుల గొంతుగా గుర్తిస్తామని ముఖ్యులు ప్రమాణం చేశారు. ఏడాదిన్నర కింద ఖలీఫాను కాపాడతామన్న సంఘమే ఇది. మధ్యలో ఒక బూటకపు విచారణ, ఒక మహాయుద్ధం వచ్చాయి.

సిరియాను ఏలుతున్న జమాల్ పాషాకు అనుమానం వచ్చింది. అరబ్ పటాలాలను గల్లిపోలీకి, ఇతర యుద్ధరంగాలకు చెల్లాచెదురు చేశాడు. వాళ్ల చోట తుర్కు పటాలాలను దింపాడు. తిరుగుబాటు చేయగల సేన సిరియాలో లేకుండా పోయింది.

ఆ గల్లిపోలీ కందకాల నుంచే మోసుల్ కుర్రవాడు, అల్-అహ్ద్ సభ్యుడు ముహమ్మద్ షరీఫ్ అల్-ఫారూకీ 1915 ఆగస్టులో గీత దాటి ఆంగ్లేయుల దగ్గరికి వెళ్లాడు. అతన్ని కైరోకు పంపారు. సంఘం బలం గురించి అక్కడ కొండంతలు చేసి చెప్పాడు. డమాస్కస్, హోమ్స్, హమా, అలెప్పో అరబ్బులకే కావాలన్నాడు. అక్టోబరు 24న ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మక్‌మహన్ హుస్సేన్‌కు రాసిన ప్రసిద్ధమైన లేఖలో ఆ నాలుగు ఊళ్ల పేర్లూ కనిపిస్తాయి. మహాసామ్రాజ్యం ఇచ్చిన మాట వెనక ఒక కుర్ర లెఫ్టినెంటు అతిశయోక్తులున్నాయంటే నమ్మబుద్ధి కాదు. రహస్య సంఘం గుణమే అది. లోపలి లెక్క బయటివాడికి తెలియదు. సభ్యుడు ఎంత చెబితే అంత. ఆంగ్లేయులు నమ్మారు, నమ్మినట్టు రాశారు. 1916 మే నెలలోనే ఆ నేలను ఫ్రాన్స్‌తో పంచుకునే ఒప్పందం కూడా చేసుకున్నారు. మాట తప్పడంలో లండన్ ఇస్తాంబుల్‌కు తీసిపోలేదు.

జమాల్ పాషా ఉరికొయ్యలు నాటాడు. 1915 ఆగస్టు 21న బేరూత్‌లో పదకొండు మందిని ఉరితీశారు. 1916 మే 6న బేరూత్‌లో పద్నాలుగు మందిని, డమాస్కస్‌లో ఏడుగురిని. ఆ రోజు బేరూత్‌లో ఉరికంబం ఎక్కినవాళ్లలో కహ్తానియ్యా నాటి సలీమ్ అల్-జజాయిరీ ఒకడు. ఇవాళ ఆ కూడలిని అమరవీరుల కూడలి అంటారు. రెండు గుమ్మాల ఇల్లు కోరినవాణ్ని ఇల్లు తగలబెట్టేవాడని ఉరితీశారు. ఒట్టోమన్ పాలకులను ఈ ఒక్క విషయంలో నేను క్షమించలేను. ఆ మే నెల తర్వాత రాజీ మాట ఎత్తే అరబ్బుకు వినేవాడు లేడు. నాలుగు వారాలకే, జూన్‌లో, మక్కా ఉన్న హిజాజ్‌లో హుస్సేన్ నాయకత్వాన తిరుగుబాటు లేచింది.

6

ఈ మెట్టు దగ్గర మన దేశం వస్తుంది.

అజీజ్ అలీ అరెస్టు తర్వాత నూరీ ఇస్తాంబుల్ వదిలి తప్పించుకుని బస్రా చేరాడు. 1914 నవంబరులో బ్రిటిష్ ఇండియా సేన బస్రాను పట్టుకున్నప్పుడు ఆయన జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నాడు. ఖైదీగా ఇండియాకు పంపారు. ఆ తర్వాత ఈజిప్టుకు తీసుకెళ్లారు. మెసపొటేమియాలో దొరికిన ఒట్టోమన్ ఖైదీలను ఇండియాలో, బర్మాలో అనేక శిబిరాల్లో ఉంచారు. అప్పటి మద్రాసు రాజధానిలోని బళ్ళారిలో కూడా ఒక శిబిరం ఉంది. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఆ ఊళ్లో ముళ్లకంచె వెనక ఒట్టోమన్ సైనికులు ఎండను చూస్తూ కూర్చున్నారు. ఆ యుద్ధంలోనే మన మద్రాసు సాపర్లు మెసపొటేమియాలో వంతెనలు కట్టారు. హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ దగ్గర, తర్వాత పాలస్తీనాలో గుర్రాలెక్కారు. ఖలీఫా సైన్యం మీదికి నిజాం గుర్రాలు వెళ్లాయి. ఈ సభలో ఆ సైనికుల మనవళ్లు ఎవరైనా ఉంటే దయచేసి తర్వాత నన్ను కలవండి.

1916లో ఇండియా శిబిరాల్లోని అరబ్ ఖైదీల్లో కొంతమందిని ఓడలో హిజాజ్‌కు తీసుకెళ్లి, షరీఫ్ సేనలో చేరండి అన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. సుల్తానుకు చేసిన ప్రమాణం వాళ్లను పట్టి ఉంచింది. వాళ్లను ద్రోహులనగలమా? చేరినవాళ్లను ద్రోహులనగలమా? మాస్టారు క్లాసులో ఈ ప్రశ్న వేసి గంట కొట్టేదాకా మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు, తాను మాత్రం తీర్పు చెప్పేవారు కాదు.

జాఫర్ అల్-అస్కరీ సంగతి చూడండి. 1916 ఫిబ్రవరిలో ఈజిప్టు పడమటి ఎడారిలో సనూసీ అనే సూఫీ వర్గం పక్షాన ఆంగ్లేయులతో పోరాడుతూ పట్టుబడ్డాడు. కైరో కోటలో బంధించారు. దుప్పట్లతో తాడు పేని గోడ దిగబోతే తెగి కాలి చీలమండ విరిగింది. బేరూత్, డమాస్కస్ ఉరుల వార్త తెలిశాకే ఆయన మనసు మారింది. తర్వాత షరీఫ్ సేనకు నాయకుడయ్యాడు. జర్మన్ ఐరన్ క్రాస్, బ్రిటిష్ పతకం రెండూ ఆయన ఛాతీ మీద ఉన్నాయి.

ఇటు అజీజ్ అలీ షరీఫ్ సేనకు మొదటి సారథిగా వెళ్లాడు కానీ, హుస్సేన్‌తో పడక 1917 తొలి నెలల్లోనే తిరిగొచ్చేశాడు. అటు, ముందు నడవండి చాలు అని ఫైసల్‌తో అన్న యాసీన్ యుద్ధం ముగిసేదాకా సుల్తాను సైన్యంలోనే ఉన్నాడు. గలీషియాలో రష్యన్లతో పోరాడాడు, పాలస్తీనాలో ఆంగ్లేయులతో పోరాడాడు. ఒకే సంఘం, ఒకే ప్రతిజ్ఞ. నాలుగు దారులు. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూపలేను. మొదటి ప్రమాణం వాళ్లకు పాత చొక్కా కాదు, విప్పి పారేయడానికి. చర్మంలా అంటుకుని ఉంది.

7

1918 తర్వాత సంఘం ఇరాకీ అహ్ద్, సిరియా అహ్ద్ అని రెండుగా చీలింది. 1920 మార్చి 8న డమాస్కస్‌లో సిరియా సభ ఫైసల్‌ను రాజుగా ప్రకటించింది. అక్కడే ఇరాకీలు ఆయన అన్న అబ్దుల్లాను తమ రాజన్నారు. జూన్‌లో జమీల్ అల్-మిద్ఫయీ దండుతో, ఆంగ్లేయుల చేతిలో ఉన్న ఇరాక్‌లోని తల్ అఫర్ మీద పడ్డాడు. కానీ ఆ ఏడు ఇరాక్‌లో ఆంగ్లేయులను నిజంగా వణికించింది యూఫ్రటీస్ తీరపు రైతులు, తెగలు, నజఫ్, కర్బలా మతపెద్దల పిలుపు. ఇది గుర్తుంచుకోండి. ఎందుకంటే జూలైలో ఫ్రెంచివాళ్లు ఫైసల్‌ను డమాస్కస్ నుంచి తరిమేశాక, 1921 ఆగస్టు 23న ఆంగ్లేయుల అండతో ఆయన బాగ్దాద్‌లో రాజయ్యాడు. ఆయనతో పాటు కుర్చీలెక్కింది యూఫ్రటీస్ రైతు కాదు, అల్-అహ్ద్ అధికారులు. జాఫర్ మొదటి రక్షణమంత్రి. నూరీ సేనానాయకుల్లో ఒకడు. ఆ తర్వాత ఏళ్లలో జాఫర్, యాసీన్, నూరీ, జమీల్, అలీ జౌదత్, తాహా ప్రధానులయ్యారు. నూరీ ఒక్కడే పద్నాలుగు మంత్రివర్గాలకు నాయకుడు.

వీళ్లు పనిమంతులు కాదని నేననను. దేశం లేని చోట సైన్యాన్ని, బడిని, కచేరీని కట్టారు. 1932లో ఇరాక్‌ను నానాజాతి సమితిలో కూర్చోబెట్టారు. కానీ పాలించిన తీరు చూస్తే పాత గది వాసన పోలేదు. నలుగురు ఒక ఇంట్లో కూర్చుని మంత్రివర్గం దింపాలనుకుంటారు. దక్షిణాన తెగలను ఎగదోస్తారు. కుర్చీ దొరికాక అదే తెగల మీదికి సైన్యాన్ని పంపుతారు. 1935లో యాసీన్ ప్రధాని అయ్యాక తన పార్టీనే మూసేసి, ఇతర పార్టీలకూ తావు లేకుండా చేశాడు. తెగల తిరుగుబాట్లను అణచే పని బకర్ సిద్కీ అనే జనరల్‌కు అప్పగించాడు. రాజకీయానికి బారకాసు దారి తెలిసినవాళ్లు, ఆ దారిలో తమ వెనక ఇంకెవరైనా రావచ్చని ఎందుకు ఊహించలేదో నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1936 అక్టోబరు 29న బకర్ సిద్కీ సైన్యం బాగ్దాద్ మీదికి నడిచింది. విమానాలు కరపత్రాలు వేశాయి, కొన్ని బాంబులూ వేశాయి. రక్షణమంత్రి జాఫర్, ఫైసల్ కొడుకైన రాజు ఘాజీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని ఆ సైన్యాన్ని ఆపడానికి ఎదురెళ్లాడు. తాను నిలబెట్టిన సైన్యం కదా, తన మాట వింటుందనుకున్నాడు. దారిలోనే కాల్చి చంపారు. యాసీన్ దేశం వదిలి, 1937 జనవరిలో బేరూత్‌లో చనిపోయాడు. బాగ్దాద్ మట్టి దక్కలేదు. డమాస్కస్‌లో సలాహుద్దీన్ సమాధి దగ్గర పూడ్చారు. చెల్లెలి భర్తను పోగొట్టుకున్న నూరీ బ్రిటిష్ విమానంలో కైరో పారిపోయాడు. తర్వాత అయిదేళ్లలో సైన్యం ఇంకా ఆరుసార్లు ప్రభుత్వాలను మార్చింది.

అజీజ్ అలీ దారి వేరు. 1939లో ఈజిప్టు సైన్యాధిపతి అయ్యాడు, మరుసటేడే తీసేశారు. 1941 మేలో ఇద్దరు యువ అధికారులతో విమానమెక్కి ఆంగ్లేయుల కన్నుగప్పి వెళ్లబోతే కైరోకు ఉత్తరాన కల్యూబ్ దగ్గర విమానం కూలింది. అరెస్టయ్యాడు. కుర్ర అధికారులు ఆయన్ని గురువుగా చూసేవారు. అన్వర్ సాదాత్ వాళ్లలో ఒకడు. 1952లో కైరోలో రాజును దింపిన స్వేచ్ఛాధికారులు ఆ తరం వాళ్లే. ఆయన్ని మాస్కోకు రాయబారిగా పంపారు.

బాగ్దాద్‌లో కూడా అదే పేరుతో స్వేచ్ఛాధికారులు రహస్యంగా కూడారు, ప్రమాణాలు చేశారు. వాళ్ల కోరికలను బయట చెప్పుకోవడానికి నూరీ పాలనలో చోటు లేదు. పార్టీలు మూతపడ్డాయి, పత్రికల నోరు కట్టేశారు. నూరీకి ఇదంతా తెలియనిదా? ఇస్తాంబుల్‌లో ఎన్వర్ తమకు చేసింది ఇదే కదా.

మాస్టారు చప్పట్లు కొట్టిన ఆ వార్త దగ్గరికి తిరిగి వచ్చాను. 1958 జూలై 13 రాత్రి, జోర్డాన్ వెళ్లమని ఆదేశం అందుకున్న పటాలం ఒకటి బాగ్దాద్ మీదుగా కదిలింది. ఆ ఆదేశం ఇచ్చింది నూరీ ప్రభుత్వమే. తెల్లవారేసరికి ఆ పటాలం రాజధానిలో ఆగిపోయింది. నూరీ ఆడవేషం వేసుకుని తప్పించుకోబోయి 15న వీధిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి అజీజ్ అలీ అల్-మిస్రీ కైరోలో బతికే ఉన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. 1913 అక్టోబరులో తన ముందు చేయి చాచి బాస చేసిన కుర్రాళ్లలో ఒకడు ఎలా పోయాడో ఆ వారం ఆయన విన్నాడు. ఇంకో ఏడేళ్లు బతికాడు.